ఒకే ముద్ర, రెండు కార్డులు

అబద్ధం ఆడడం చేతకాని సాక్షి లోకంలో ఒక్కటే ఉందని అడెల్ కూబియాక్ నమ్మకం. అది పోస్టాఫీసు ముద్ర.

ఆ శుక్రవారం సాయంత్రం అలాంటి ముద్రలు రెండు ఆమె వంటింటి బల్ల మీద పక్కపక్కన పడి ఉన్నాయి. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. అడెల్ సొరుగులోంచి భూతద్దం తీసింది.

మొదటి పోస్టుకార్డు ఎడ్ పోల్మన్‌ది. ‘డెల్మర్ ఫస్కోను వదిలేస్తున్నాను. బదులుగా రే టోబిన్.’

రెండోది బర్ట్ షిమ్‌చాక్‌ది. ‘డెల్మర్ ఫస్కోను తీసుకుంటున్నాను.’

రెంటి మీదా లాగ్రాంజ్ వీధి పోస్టాఫీసు ముద్రే. 1993 జూలై 14, బుధవారం. భూతద్దం కింద ఇంకో సంగతి బయటపడింది. ముద్ర అచ్చులో చిన్న వెంట్రుక ఇరుక్కుంది. రెండు కార్డుల మీదా తేదీకి అడ్డంగా అదే తెల్లటి గీత. ఎడ్ కార్డు మీద సిరా చిక్కగా ఉంది, బర్ట్ కార్డు మీద పల్చగా ఉంది. అంటే సిరా మెత్త మీద మళ్లీ అద్దకుండా, ఒకదాని వెంట ఒకటి టపా టపా కొట్టారు.

ఇరవై తొమ్మిదేళ్లుగా టొలీడో పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తున్న మనిషికి అంతకంటే చెప్పక్కర్లేదు. రెండు కార్డులూ ఒకే చేతి మీదుగా వచ్చాయి.

ఎడ్ పోల్మన్‌కు జూన్ మూడో వారంలో పక్షవాతం వచ్చింది. మాట పోయింది. కుడి చెయ్యి పడిపోయింది. చెంచా పట్టుకోలేని మనిషి నాలుగు వారాలుగా గుండ్రటి అక్షరాలతో కార్డులు పంపుతున్నాడు. మొదటిది జబ్బు పడకముందే రాసిందేమో అనుకుంది అడెల్. రెండోది వచ్చినప్పుడు కోలుకుంటున్నాడని సంతోషించింది. మూడోది వచ్చినప్పుడు సంతోషించాలని చూసింది.

నాలుగోది చూశాక ఇక చేతకాలేదు.

*

వాళ్ల లీగు కాగితం మీది బేస్‌బాల్. ఎనిమిది మంది స్నేహితులు వసంతంలో కూర్చుని నిజం ఆటగాళ్ల పేర్లను వేలంలో పంచుకుంటారు. నిజం మైదానాల్లో వాళ్లు ఏం వెలగబెడితే అది పేపర్లో చూసి ఇక్కడ పాయింట్లుగా ఎక్కుతుంది. జట్టులో ఒకణ్ణి తీసేసి మరొకణ్ణి పెట్టుకోవాలంటే ఒకటే దారి: పోస్టుకార్డు. గురువారం దాటకుండా ముద్ర పడాలి. కార్డులన్నీ అడెల్ ఇంటికొస్తాయి. శనివారం ఆమె జాబితా టైపు చేసి మార్వ్ మంగలి షాపు అద్దానికి అతికిస్తుంది. అడెల్‌కు జట్టు లేదు. ఆమె సెక్రటరీ. పదకొండేళ్ల క్రితం లీగు పెట్టుకున్నప్పుడు, ‘ముద్ర చదవడం వచ్చిన మనిషి, మాలో ఎవడి మీదా ప్రేమ లేని మనిషి కావాలి’ అని ఆమెను పట్టుకొచ్చారు.

రూల్సు రాసింది గ్లెన్ రఫింగ్, హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పే మేష్టారు. అందులో రెండు రూల్సు ఆ రాత్రి అడెల్‌కు కునుకు పట్టనివ్వలేదు.

నాలుగో రూలు: కార్డు మీది రాత, లీగులో చేరిన రోజు రిజిస్టరులో యజమాని రాసిన రాతతో సరిపోవాలి.

ఏడో రూలు: నాలుగు వారాలు చెల్లే కార్డు రాకపోతే జట్టు రద్దు. ఆటగాళ్లను మిగతావాళ్లు పంచుకుంటారు.

ఎడ్ కార్డులు దొంగవని తేలితే నాలుగు వారాలూ గుండు సున్నా. ఎడ్ జట్టు ఈ ఏడు మొదటి స్థానంలో ఉంది. పదకొండేళ్లలో మొదటిసారి. ఆ జట్టు చీలికలు పేలికలై పోతుంది. అప్పుడు మొదటి స్థానానికి ఎక్కేది ఎవరు? రెండో స్థానంలో ఉన్న బర్ట్ షిమ్‌చాక్.

*

శనివారం పొద్దున్నే లాగ్రాంజ్ వీధి పోస్టాఫీసు కిటికీ తెరిచేసరికి అడెల్ ముందు నిలబడి ఉంది. కిటికీ వెనక వెండెల్, పాత సహోద్యోగి.

“నీ ముద్రలో వెంట్రుక ఉంది,” అంది అడెల్.

“శుభోదయం నీక్కూడా.”

“బుధవారం ఈ రెండు కార్డులూ ఎవరు తెచ్చారు?”

వెండెల్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. “బర్ట్. వారం వారం వాడే తెస్తాడుగా. చేతికి గ్రీజు, నా కౌంటరంతా వేలిముద్రలు.”

“రెండూనా?”

“ఒకటి తెచ్చాడు. రెండోది ఇక్కడే కొన్నాడు, నా పెన్నే అడిగి ఇక్కడే నిలబడి రాశాడు. పెన్ను తిరిగివ్వలేదు. దొరికితే అడుగు.”

జాబితా అతికించకముందే, ఫస్కో లాంటి పిచర్, బంతి విసిరే మొనగాడు, బయటికొస్తున్నాడని ప్రపంచానికి తెలియకముందే, బర్ట్ వాణ్ణి తన్నుకుపోయాడు. ఎడ్ కార్డు బర్ట్ జేబులో ఎందుకుంది? అసలది ఎడ్ కార్డేనా?

జాబితా అతికించడం ఆమె విధి. అతికించింది. గంటలో ఫోను మోగింది.

“అడెల్, ఏమిటిది?” గ్లెన్ గొంతు తరగతిలో సుద్దముక్క విసిరేటప్పటిలా ఉంది. “పదకొండు ఆటలు గెలిచిన పిచర్ని ఎడ్ వదిలేశాడా? మతి ఉన్నవాడు వదులుతాడా? అదే రోజు బర్ట్ పట్టుకున్నాడా? రేపు మీటింగు పెట్టు. ఒంటిగంటకి, మార్వ్ షాపులో. రిజిస్టరు తీసుకురా.”

*

బర్ట్ కార్ల డెంట్లు తీసే షాపులో సుత్తి చప్పుడు ఆగింది. బర్ట్ ఒక కారు తలుపు మీద నుంచి లేచి ఆమెను చూశాడు. మనిషి ఎర్రగా, వెడల్పుగా, ఎప్పుడూ ఎవరితోనో పోట్లాట మధ్యలో ఉన్నట్టుంటాడు.

“సెక్రటరీ గారు స్వయంగా విచ్చేశారే! బంపరు పోయిందా, బండే పోయిందా?”

“ఎడ్ కార్డు నువ్వు పోస్టు చేశావు.”

నవ్వు మాయమైంది. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా.

“చేశాను. తప్పా?”

“రాసింది కూడా నువ్వేనా?”

“నా రాత కోడి గీకినట్టుంటుంది. నీకే తెలుసు.”

“మరి ఎవరు రాశారు?”

బర్ట్ నోరు తెరిచాడు, మూసుకున్నాడు. ఎవరినైనా సరే ఆడిపోసుకునే నోరు. అలా మూతపడడం అడెల్ చూడడం ఇదే మొదలు.

“నేను పోస్టు చేశాను. అంతే.”

“చదివావు. చదివి ఫస్కోను కొట్టేశావు.”

“పోస్టుకార్డమ్మా తల్లీ అది, శవపేటిక కాదు మూత వెయ్యడానికి. కళ్లముందు పెడితే కళ్లు చదవవా? చదవకూడదని ఏ రూల్లో ఉంది?”

“రేపు నిన్ను దొంగ అంటారు, బర్ట్. ఎడ్ పేరు మీద దొంగ కార్డులు రాశావంటారు.”

“అననీ.” సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. “ఆ గ్లెన్‌గాడి నోట్లో పుట్టినప్పుడే సుద్దముక్క పెట్టారు. వాడు ఏమన్నా నాకు దురద కూడా పుట్టదు.”

సుత్తి మళ్లీ మోగింది. అడెల్ వీధిలోకి వచ్చాక ఆగి వెనక్కి చూసింది. చప్పుడు వస్తోంది. బర్ట్ మాత్రం తలుపు మీద కొట్టడం లేదు. ఉత్త బల్ల మీద కొడుతున్నాడు.

ఏదో దాస్తున్నాడు. తన తప్పునైతే దర్జాగా ఒప్పుకున్నాడు. మరి దాచేది ఎవరి తప్పును?

*

ఆదివారం పొద్దుటి చర్చి పూజ ఎగ్గొట్టి అడెల్ పోల్మన్‌ల ఇంటికి వెళ్లింది. చంకలో రిజిస్టరు.

ముందు గదిలో సోఫా తీసేసి మంచం వేశారు. ఎడ్ దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు గాజు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర నిలబడి అందరి మీదా అరిచిన మనిషి. ఇప్పుడు మూతి ఒక పక్కకు జారింది. కళ్లు మాత్రం అవే. అడెల్‌ను, ఆమె చంకలో రిజిస్టరును చూసి, ఎడమ చెయ్యి దుప్పటి మీద రెండుసార్లు తట్టాడు.

“రెండు తడితే కాదని, వద్దని,” అంది లొరైన్ లోపలినుంచి వస్తూ. “ఒకటైతే అవునని. నిన్నే వద్దంటున్నాడు, ఏమనుకోకు. కూర్చో. కేకు ఉంది.”

ఎడ్ భార్య లొరైన్ చిన్నగా, పొందికగా, ఎండిన బీన్స్ గింజలా ఉంటుంది. పదకొండేళ్లలో లీగు విందుల్లో ఆమె నోటినుంచి ‘ఇంకాస్త వెయ్యనా?’ తప్ప వేరే మాట విన్న గుర్తు లేదు అడెల్‌కు.

అడెల్ ఆమె వెంట వంటింట్లోకి నడిచింది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ‘పాలు. ఈస్టు. ఎడ్ మాత్రలు. బల్బు.’

గుండ్రటి అక్షరాలు. చివరి అక్షరానికి పైకి ఎగిరి తిరిగే తోక.

అడెల్ ఆ కాగితం ముందు నిలబడిపోయింది. చేతిసంచిలోంచి బుధవారం కార్డు తీసి పక్కన పెట్టింది. తర్వాత రిజిస్టరు తెరిచింది. 1982 మార్చి. పోల్మన్ పేరు, చిరునామా, ‘రూల్సుకు కట్టుబడి ఉంటాను’ అన్న వాక్యం. కాగితం, కార్డు, రిజిస్టరు: మూడూ ఒకటే చెయ్యి.

“ఎప్పట్నించి?” అంది తిరక్కుండానే.

లొరైన్ కేకు కోస్తూనే ఉంది. “ఆ రిజిస్టరు ఇంటింటికీ తిరిగింది గుర్తుందా? ఆ వారం ఎడ్ చెయ్యి గాజు కోసుకుని కట్టుకట్టి ఉంది. నువ్వు రాసెయ్యి అన్నాడు. రాశాను. మొదటి కార్డూ రాశాను. అప్పుడు చెప్పాను, నువ్వు వేలంలో కొన్న వాడు లావెక్కాడు, వీడు పరిగెత్తలేడు, తీసెయ్యమని. పోట్లాడాం. తీసేశాం. ఆ తర్వాత అలాగే సాగింది. ఆయన వేలానికెళ్లి అరుస్తాడు, నేను వారం వారం సరిచేస్తాను.”

“పదకొండేళ్లా!”

“ఆయన మాట కూడా వింటాలే. ఎప్పుడైనా.”

కిటికీ కింద చిన్న బల్ల. దాని మీద పేపరు కత్తిరింపులు, ఎర్ర పెన్సిలు. అడెల్ వంగి చూసింది. డెల్మర్ ఫస్కో ఆడిన చివరి నాలుగు ఆటలు. గెలుపులన్నీ గెలుపులే. లొరైన్ మాత్రం గెలుపుల చుట్టూ సున్నా చుట్టలేదు. కొట్టలేక వెనుదిరిగిన బ్యాటర్ల లెక్క చుట్టూ చుట్టింది: తొమ్మిది. ఆరు. నాలుగు. ఒకటి.

“వాడి చెయ్యి పోతోంది,” అంది అడెల్ మెల్లగా.

“మోచెయ్యి అనుకుంటా. జనం గెలుపులే చూస్తారు.”

“లొరైన్. కార్డులు బర్ట్ చేతికిస్తున్నావు.”

“ఎడ్‌ను వదిలి కదల్లేను. బర్ట్ బుధవారం బుధవారం వస్తాడు, గంటసేపు ఎడ్‌ను తిట్టి వెళతాడు. ఎడ్‌కు ఆ గంట ప్రాణం. మొదటి కార్డు వాడి ఎదురుగానే రాశాను. వాడికి అంతా తెలుసు. ఎవరికీ చెప్పనన్నాడు.”

“వాడు నీ కార్డు చదువుతాడని తెలిసే ఫస్కో పేరు రాశావా?”

లొరైన్ కేకు ముక్క పళ్లెంలో పెట్టి ఆమె ముందుకు జరిపింది. ముఖంలో ఏ గీతా కదల్లేదు.

“పోస్టుకార్డు కదా అడెల్. ఎవరైనా చదవచ్చు.”

ముందు గదిలోంచి తట్టిన చప్పుడు వినిపించింది. ఒకటి. ఆగి, మళ్లీ ఒకటి.

“పేపరు చదవమంటున్నాడు.” లొరైన్ చాకు తుడవడం మొదలుపెట్టింది. “ఆసుపత్రిలో మూడు రోజులు ఆ చెయ్యి కదల్లేదు. నా పేరు చెప్పాను, పిల్లల పేర్లు చెప్పాను. ఊహూఁ. విసుగొచ్చి మన జట్టు పేర్లు చదివాను. మూడో పేరుకు వేలు కదిలింది. ఇప్పుడు రోజూ పొద్దున్నా సాయంత్రం చదువుతాను. ఉంచాలా, తియ్యాలా అని అడుగుతాను. తడతాడు. ఫస్కోకు రెండు తట్టాడు. నిజం చెబుతున్నాను, ముందు ఆయనే తట్టాడు.” చాకు కింద పెట్టింది. “ఆ జట్టు లేకపోతే రేపు పొద్దున్న ఏం చదవను?”

అడెల్ రిజిస్టరు మూసింది.

“మీటింగులో నేనేం చెప్పాలి?”

“అడిగితే నిజం చెప్పు. అడక్కపోతే కేకు బాగుందని చెప్పు.”

*

మార్వ్ షాపు తలుపుకు ‘మూసి ఉంది’ పలక తిప్పారు. లోపల ఏడుగురు, మంగలి కుర్చీల్లో సగం మంది. అల్మరా మీద రేడియోలో డెట్రాయిట్ ఆట. ఫస్కో బంతి వేస్తున్నాడు. వ్యాఖ్యాత గొంతు సన్నగా గొణుగుతుంటే ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడడం లేదు. అద్దాల్లో చూసుకుంటున్నారు.

అడెల్‌కు ఆ చూపులు అర్థమవుతున్నాయి. ఎడ్ జట్టు విరిగితే అట్టడుగున ఉన్నవాడు ముందుగా తనకు నచ్చిన ఆటగాణ్ణి కోరుకుంటాడు. అట్టడుగున ఉన్నది మార్వ్. దువ్వెనలు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు గానీ, జేబులో పేర్ల చీటీ మూల బయటికి కనిపిస్తోంది. తక్కువ మాటల మనిషి, మంచివాడు. మంచివాడు కూడా చీటీ రాసుకొచ్చాడు.

గ్లెన్ లేచాడు. “మనకు రెండు ప్రశ్నలు. ఒకటి, వదిలిన వార్త జాబితాలోకి రాకముందే ఒకడు ఆ ఆటగాణ్ణి ఎలా తీసుకుంటాడు?”

“రూలు చదువు మేష్టారూ,” అన్నాడు బర్ట్ కుర్చీలో వెనక్కి వాలి. “‘వదిలిన ఆటగాడు, ముందు ముద్ర పడిన కార్డుకు చెందును.’ ముద్ర అన్నావు. జాబితా అన్నావా? రాసింది నువ్వే. ఎదురుగా అద్దముంది, దాంట్లో చూసి తిట్టుకో.”

“అది రూలు ఉద్దేశం కాదు.”

“ఉద్దేశానికి ముద్ర పడదు. కార్డుకు పడుతుంది. ఫస్కో నావాడు. రాసుకో సెక్రటరీ.”

అడెల్ అందరినీ చూసింది. “రూల్లో ఉన్నది అదే. ఎవరికైనా అభ్యంతరమా? గ్లెన్?”

గ్లెన్ పళ్లు కొరికాడు. “అక్షరానికి కట్టుబడతాను. రాసుకో.”

“తీసుకున్నవాణ్ణి మూడు వారాలు వదలకూడదు. అది కూడా అక్షరమే. ఒప్పుకున్నట్టేనా, బర్ట్?”

“మూడు వారాలేమిటి, ముప్పై వారాలు ఉంచుకుంటాను.”

అడెల్ రాసుకుంది. కలం కింద పెట్టలేదు.

“ఇక రెండోది,” అన్నాడు గ్లెన్. గొంతు తగ్గించాడు. తరగతిలో అలా తగ్గించినప్పుడే పిల్లలు భయపడతారు. “ఎడ్ కుడి చెయ్యి కదలదు. నాలుగు వారాలుగా కార్డులు వస్తున్నాయి. బర్ట్ పోస్టు చేస్తున్నాడని వెండెల్ నాకూ చెప్పాడు. బర్ట్, మర్యాదగా అడుగుతున్నాను. ఆ కార్డులు ఎవరు రాస్తున్నారు?”

ఏడు జతల కళ్లు బర్ట్ మీద వాలాయి. బర్ట్ ఎర్రటి మెడ ఇంకా ఎర్రబడింది.

అడెల్ అతన్నే చూస్తోంది. ఒక్క మాట చాలు. ‘లొరైన్’ అని ఒక్కసారి అంటే తన మీది మచ్చ పోతుంది. ఎడ్ జట్టు రద్దవుతుంది. పదకొండేళ్లుగా వెంటాడిన కప్పు ఒళ్లో పడుతుంది. కార్డు చదివి పిచర్ని కొట్టేసిన మనిషి ఇంత అవకాశాన్ని వదులుకుంటాడా?

“చెప్పను,” అన్నాడు బర్ట్.

“అంటే నువ్వే.”

“నేనే అనుకో. దొంగనో దొరనో రాసుకో. కావాలంటే నా జట్టు రద్దు చెయ్యండి. ఎడ్ జోలికెళ్లకండి.”

షాపులో గుసగుస లేచింది. మార్వ్ చేతిలో దువ్వెన జారి కింద పడింది. గ్లెన్ ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే సర్దుకున్నాడు. “ఎవరు రాసినా ఎడ్ మాత్రం కాదు. కార్డులు చెల్లవు. ఏడో రూలు ప్రకారం...”

“నాలుగోది చదివావా, గ్లెన్?” అంది అడెల్.

ఆమె లేచి రిజిస్టరును మంగలి బల్ల మీద, సబ్బు గిన్నె పక్కన తెరిచి పెట్టింది. నాలుగు కార్డులు దాని పక్కన పరిచింది. భూతద్దం మార్వ్ చేతికిచ్చింది.

“రోజంతా వెంట్రుకలు చూసే కళ్లు నీవి. చూడు. రాత రిజిస్టరుతో సరిపోయిందా?”

మార్వ్ చాలాసేపు చూశాడు. “అచ్చు గుద్దినట్టుంది. కానీ అడెల్, పడిపోయిన చెయ్యి ఇలా ఎలా...”

“అది ఎడ్ చెయ్యి కాదు. ఏనాడూ కాదు.” అడెల్ గొంతు పోస్టాఫీసు కిటికీలో మాట్లాడినట్టు చప్పగా ఉంది. “రిజిస్టరులో రాసింది లొరైన్. మొదటి కార్డు నుంచి మొన్నటి కార్డు దాకా అన్నీ లొరైనే. పదకొండేళ్లుగా మీరు పోట్లాడుతున్నది ఆవిడతో.”

రేడియో ఒక్కటే మాట్లాడుతోంది.

“అయితే పదకొండేళ్ల కార్డులూ చెల్లవు!” అన్నాడు గ్లెన్.

“నీ రూలు నువ్వే చదువు. పైకి చదువు. మేష్టారివి కదా.”

గ్లెన్ చదివాడు. “‘కార్డు మీది రాత, చేరిన రోజు రిజిస్టరులో యజమాని రాసిన రాతతో...’” ఆగిపోయాడు.

“యజమాని ఎవరో తేల్చడానికి నువ్వు పెట్టిన గుర్తు ఒక్కటే, రాత. కట్టుబడి ఉంటానని ఇక్కడ రాసిన చెయ్యి ఎవరిదో వారం వారం కార్డు రాసిన చెయ్యీ వాళ్లదే. ఒక్క వారం తప్పలేదు. పోల్మన్ అని ఉంది. ఏ పోల్మనో నువ్వు అడగలేదు. ఇందాక అక్షరానికి కట్టుబడతానన్నావు. నేను రాసుకున్నాను.”

“అది... అది బర్ట్ విషయంలో!”

“అక్షరానికి మనుషులతో పనేముంది?”

ఎవరో కిసుక్కుమన్నారు. మార్వ్ భూతద్దం కింద పెట్టి, జేబులోని చీటీ తీసి, నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. “పోయినేడు నా చేత ఆ కుంటి షార్ట్‌స్టాప్ ఫీల్డరును కొనిపించింది లొరైనా?” అన్నాడు ఆశ్చర్యంగా. “‘ఇంకాస్త సలాడ్ వెయ్యనా మార్వ్, వాడు చాలా బాగా ఆడుతున్నాడట కదా’ అంది. పక్కనే ఎడ్ నోరు మూసుకుని తింటున్నాడు!”

ఓటు పెట్టారు. జట్టు ఉండాలని ఆరు చేతులు లేచాయి. ఏడోది కాసేపు సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు గాలిలో తచ్చాడి, చివరికి లేచింది. ఊరుకోలేక గ్లెన్ ఇంకో సవరణ తెచ్చాడు: ఒకరి కార్డు మరొకరు మోయకూడదు.

“మరి ఆవిడ కార్డు ఎవరు మోస్తారు?” అన్నాడు బర్ట్. “నువ్వు వెళతావా బుధవారం? ఎడ్ మూతి తుడుస్తావా? వాడు వద్దని రెండు తడితే నీకు కోపమొస్తుంది, పరీక్ష పెడతావు.”

సవరణ వీగిపోయింది.

అప్పుడే రేడియోలో గొంతు మారింది. జనం హోరు ఒక్కసారిగా అణిగిపోయింది. మార్వ్ చెయ్యి చాచి శబ్దం పెంచాడు. ‘...మోచెయ్యి పట్టుకుని మైదానం వదిలి వెళుతున్నాడు ఫస్కో. వైద్యుడు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఈ సీజనుకు ఇతన్ని మళ్లీ చూస్తామన్న ఆశ...’

బర్ట్ కుర్చీలోంచి మెల్లగా లేచాడు. రేడియోను చూశాడు. అడెల్‌ను చూశాడు. అడెల్ కలం మూత పెడుతోంది.

“నీకు తెలుసు,” అన్నాడు.

“నేను సెక్రటరీని. నాకు ముద్రలే తెలుసు.”

“ఆవిడకు తెలుసు! నేను చదువుతానని తెలుసు! నవ్వుతూ చేతిలో పెట్టింది, కేకు కూడా పెట్టింది! ఒరేయ్ గ్లెన్, ఇందాక నువ్వన్నదే రైటు, జాబితాకు ముందు తీసుకోవడం ఉద్దేశం కాదు...”

“ఉద్దేశానికి ముద్ర పడదు, నాయనా,” అన్నాడు గ్లెన్. ఆ మధ్యాహ్నం అతని ముఖంలో మొదటిసారి వెలుగొచ్చింది. “మూడు వారాలు.”

“ముప్పై అన్నాడు,” గుర్తుచేశాడు మార్వ్.

*

బుధవారం మధ్యాహ్నం పెద్ద పోస్టాఫీసులో అడెల్ బల్ల మీద ఫోను మోగింది. వెండెల్.

“మీ బర్ట్ ఇక్కడ ఉన్నాడు. వాడి ఒంట్లో బాగానే ఉందా?”

“ఏం చేస్తున్నాడు?”

“వచ్చేటప్పుడు కార్డు బోర్లా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని వచ్చాడు. కౌంటరు మీద పెట్టాడు. అది తిరగబడింది. చూడనే చూశాడు.”

“ఏముంది దాంట్లో?”

“నేను చదవను, ఉద్యోగ ధర్మం. లొరైన్ తన బెస్టు బ్యాటర్ని వదిలేస్తోంది.”

అడెల్ కుర్చీలో ముందుకు వంగింది. “తర్వాత?”

“తర్వాత ఖాళీ కార్డు కొన్నాడు. నా పెన్ను నాకే తెచ్చి ఇచ్చి, మళ్లీ తీసుకున్నాడు. ఇరవై నిమిషాలైంది. ఒక పేరు రాశాడు, చింపేశాడు. ఇంకో కార్డు కొన్నాడు. వెనక ముసలమ్మలు తిడుతున్నారు. ఆగు, నీతో మాట్లాడతాడట.”

ఫోను చేతులు మారింది. బర్ట్ ఊపిరి బరువుగా వినిపించింది.

“అడెల్. నిజం చెప్పు. ఆ బ్యాటర్‌గాడికి నిజంగా ఏమైనా అయిందా, లేక వాడు బాగానే ఉన్నా నేను భయపడి వదిలేస్తానని రాసిందా? వచ్చేముందే ఎడ్‌ను అడిగాను, ఈసారి కార్డులోనూ వల ఉందా అని. ఒకసారి తట్టాడు, ఆగి మళ్లీ తట్టాడు. అవి రెండు ‘అవును’లా, ఒక ‘కాదు’నా?”

“సెక్రటరీకి అభిప్రాయాలు ఉండవు, బర్ట్.”

“ఆ ముసలి దొంగ నవ్వాడు అడెల్. ఒక పక్క మూతితోనే. నవ్వడం నేను చూశాను.”

అవతల వెండెల్ ముద్ర కొట్టిన చప్పుడు వినిపించింది. ఒక్కసారే, లొరైన్ కార్డుకు మాత్రమే.